బాబుకు ప్లేట్‌లెట్లు ఎందుకు పెరగడం లేదు?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. పుట్టినప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు 30 వేలు దాటడం లేదు. ఒళ్లంతా ఎగ్జిమా, తరచూ చెవిలో చీము. మొదట ఐటీపీ (ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అని స్టెరాయిడ్లు ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు జన్యుపరీక్ష చేసి విస్కాట్-ఆల్డ్రిచ్ సిండ్రోమ్ అంటున్నారు. రక్తకణాలు సరిగా కదలలేవట. మాది మేనరికం. అందుకే వచ్చిందా? నయమవుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మేనరికం వల్ల కాదమ్మా. ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లలకు అది తల్లి నుంచే వస్తుంది. అలాగని ఇందులో మీ తప్పేమీ లేదు.

తెల్లరక్తకణం క్రిమి ఉన్న చోటికి పాకుతూ వెళ్తుంది. కణం ముందు అంచులో యాక్టిన్ అనే ప్రొటీన్ పోగులు పెరుగుతూ పైపొరను ముందుకు నెడతాయి. అవి ఎక్కడ, ఎప్పుడు పెరగాలో అదుపు చేసే ప్రొటీన్లలో రక్తకణాలకు ముఖ్యమైనది వాస్ప్. మామూలప్పుడు అది ముడుచుకుని, పనిచేసే కొసను దాచుకుని ఉంటుంది. సంకేతం అందగానే సీడీసీ42 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుని ఆ ముడి విప్పుతుంది. బయటపడ్డ కొస ఆర్ప్2/3 అనే ప్రొటీన్ల సముదాయాన్ని పనిలోకి దింపుతుంది. అప్పుడు పాత పోగు పక్క నుంచి, చెట్టుకు కొమ్మ వేసినట్టు, సుమారు 70 డిగ్రీల కోణంలో కొత్త పోగు మొలుస్తుంది. ఈ అదుపు రెండువైపులా అవసరం. వాస్ప్ ఎప్పుడూ తెరుచుకునే ఉండే లోపం కూడా ఉంది, అందులో న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల సంఖ్య పడిపోతుంది.

మీ బాబులో వాస్ప్ లేకపోవడమో, చాలా తక్కువగా ఉండడమో జరిగి ఉంటుంది. కణాల్లోని ప్రొటీన్లను కొలిచే ఫ్లో సైటోమెట్రీ అనే రక్తపరీక్షలో అది తేలుతుంది. వాస్ప్ రక్తకణాల్లోనే ఉంటుంది కాబట్టి కండరాలు, మెదడు ఎదుగుదలకు దీనివల్ల నేరుగా ఇబ్బంది రాదు. ప్లేట్‌లెట్లు మాత్రం చిన్నవిగా తయారై, ప్లీహంలో త్వరగా నాశనమవుతాయి. పాత సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టుల్లో ఎంపీవీ, అంటే ప్లేట్‌లెట్ల సగటు పరిమాణం, చూడండి. మామూలుగా 7–11 ఫెమ్టోలీటర్లు ఉంటుంది, ఈ జబ్బులో తరచూ 5 లోపే. ఐటీపీలో ప్లేట్‌లెట్లు పెద్దవిగా కనిపిస్తాయి. మగపిల్లాడికి ప్లేట్‌లెట్లు తక్కువగా, చిన్నవిగా ఉంటే ఐటీపీ అని సరిపెట్టకూడదు.

నయమవుతుంది. మూలకణ మార్పిడి చేయాలి, ఐదేళ్లలోపైతే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. జబ్బు లేని తోబుట్టువు హెచ్‌ఎల్‌ఏ (కణాల మీది గుర్తింపు ప్రొటీన్లు) పూర్తిగా కలిస్తే అదే మేలైన దారి. కలవకపోతే బయటి దాతలు, సగం కలిసే తల్లిదండ్రులూ ఉన్నారు. ఇంటిల్లిపాదికీ ఇప్పుడే హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ పరీక్ష చేయించండి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021 జాబితాలో ఈ జబ్బు ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. హైదరాబాద్‌లో నిమ్స్‌లో అడగండి.

అంతవరకూ ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కో మోతాదుకు కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున వాడొచ్చు, కానీ మందు వేసి ఊరుకోకుండా అదేరోజు డాక్టరుకు చూపించండి. కండలో ఇంజెక్షన్లు వద్దు. రోటావైరస్, మీజిల్స్-రుబెల్లా, పోలియో చుక్కల వంటి లైవ్ టీకాలు వేయించకండి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్, మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీలు) గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చినవే కావాలని ముందే చెప్పండి. తలకు దెబ్బ తగిలినా, ఆగకుండా వాంతులైనా, మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీరు క్యారియరో (లోపమున్న జన్యువును మోస్తున్నవారో) కాదో పరీక్ష చేయించుకోండి. అవునని తేలితే మళ్లీ గర్భం వచ్చినప్పుడు 11–13 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చు. మీ అక్కచెల్లెళ్లకూ ఈ విషయం చెప్పండి, వాళ్లలోనూ క్యారియర్లు ఉండొచ్చు.