రెండు వాయిలుగా వేయించు

చిన్నా,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. వారానికి మూడు రోజులు బయటే తింటున్నావు, పదకొండు వంటల పుస్తకాలు కొన్నావు, అయినా ఇంట్లో వండితే ఆ రుచి రావట్లేదు. "తప్పు పుస్తకానిదా పెద్దమ్మా, నా చేతిదా?" అని అడిగావు. రెండింటిదీ కాదు నాన్నా. బయట తినడం సరదా అనీ, ఇంట్లో వండటం పని అనీ, పుస్తకాలు చదవడం కాలక్షేపం అనీ మూడింటినీ మూడు గదుల్లో పెట్టేశావు. బయట తిన్న రుచి నాలుకకి గుర్తుండాలి. ఆ గుర్తు పట్టుకుని ఇంట్లో వండాలి. ఎక్కడ తేడా కొట్టిందో తెలుసుకోవడానికి పుస్తకం తెరవాలి. నాకిది తలకెక్కడానికి చాలా ఏళ్లే పట్టింది, అది కూడా ఒక సూప్ పుణ్యమా అని.

ఒకసారి ఒక రెస్టారెంట్‌లో పుట్టగొడుగుల సూప్ తాగాను. గిన్నె అడుగు కనబడేదాకా చెంచాతో గీకాను. అందులో పెద్ద హంగులేం లేవు, పుట్టగొడుగులు, ఉల్లిపాయ, వెన్న, కాస్త మీగడ. ఇంతేగా అనుకుని మర్నాడే ఇంట్లో మొదలెట్టాను. బూడిదరంగులో, ఉడకబెట్టిన అట్టముక్కల నీళ్లలా వచ్చింది. మళ్లీ చేశాను, మీగడ పెంచాను. మళ్లీ చేశాను, వెన్న పెంచాను. నాలుగోసారి మీ పెదనాన్న "ఇవాళ నాకు ఆకలి లేదులే" అన్నారు. ఐదో ప్రయత్నం కూడా తగలబడ్డాక రోషం వచ్చి అదే రెస్టారెంట్‌కి మళ్లీ వెళ్లి, అదే సూప్ తెప్పించుకుని, వంటాయనతో ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అని అడిగాను. మధ్యాహ్నం మూడు గంటలు, జనం లేరు, ఆయనే బయటికొచ్చాడు. నేను చెప్పిందంతా విని ఒకే ప్రశ్న వేశాడు: "ఒక్క వాయికి ఎన్ని వేస్తున్నారమ్మా?"

అన్నీ ఒకేసారి వేస్తున్నాను మరి! అర కిలో పుట్టగొడుగులు చిన్న మూకుడులో కుక్కేస్తున్నాను. పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. మూకుడు నిండా వేస్తే ఆ నీళ్లు ఆవిరయ్యే దారి లేక అక్కడే నిలబడతాయి. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. పదార్థం ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలన్నా కావాలి. ఆ ఎర్రబడటం వెనకున్న రసాయన చర్యని 1912లో మెయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అంటే నేను ఐదుసార్లు వేయించాననుకుంటూ ఐదుసార్లూ ఉడకబెట్టానన్నమాట. మీగడ ఎంత పోస్తే మాత్రం ఏం లాభం?

ఆరోసారి పెద్ద బాణలి తీశాను. ముక్క మీద ముక్క పడకుండా, సగం సగం చేసి రెండు వాయిలుగా వేశాను. మొదట నీళ్లు వదిలాయి, బుసబుసమని చప్పుడు. గరిటె పెట్టకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొంచెంసేపటికి ఆ చప్పుడు సన్నబడి చిటపటలోకి దిగింది. అంచులు ఎర్రబడ్డాయి, వాసన మారింది. అప్పుడు ఉప్పు వేశాను. దించాక నిమ్మరసం నాలుగు చుక్కలు, ఇది కూడా ఆ వంటాయన చెప్పిందే. మీ పెదనాన్న రెండు గిన్నెలు తాగారు.

బయటికి వెళ్లి తినడాన్ని అప్పట్నుంచి నేను చదువుకి వెళ్లినట్టే చూస్తాను. నువ్వు మానెయ్యక్కర్లేదు, కానీ మూడు రోజులు ఒకటి చేసుకో. ఆ ఒక్కసారీ ఒళ్లు దగ్గర పెట్టుకుని తిను. రద్దీ లేని రోజు, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లు. కొత్తగా తెరిచిన చోటికి మొదటి వారమే పరుగెత్తకు, వాళ్ల చేతులు ఇంకా కుదురుకోవు, నువ్వు వాళ్ల రిహార్సల్ తింటావు. మెనూ చాంతాడంత ఉంటే నాకు అనుమానం. అన్ని వంటలూ రోజూ తాజాగా చేయడం ఏ వంటగదికీ సాధ్యం కాదు, సగం ఫ్రీజర్లోంచే వస్తాయి. ఇంట్లో నువ్వు కళ్లు మూసుకుని చేసేది అక్కడ ఆర్డర్ చేయకు. ఇంట్లో కుదరనిది, లేదా ఇంట్లో ఓడిపోయింది, అది తెప్పించుకో. ఇద్దరు వెళ్తే రెండే చెప్పండి, పంచుకోండి. ఆరు రకాలతో టేబుల్ నింపేస్తే రెండో దానితోనే నాలుక అలిసిపోతుంది.

ఇంకోటి, ఫోటో ఒకటి చాలు. వేడిగా తెచ్చి పెట్టిన దాన్ని నువ్వు నాలుగు వైపుల నుంచి ఫోటో తీసేలోపు అది చల్లారి, అప్పుడు తిని "బాగోలేదు" అంటావు. వండినవాడు ఏం పాపం చేశాడు? ఆ ఫోన్‌లోనే నాలుగు ముక్కలు రాసుకో, అది మేలు. "బాగుంది" అని కాదు. మొదట ఏ రుచి తగిలింది, చివర్లో నోట్లో ఏది మిగిలింది, పళ్ల కింద ఎలా ఉంది, ఇది చాలు. ఒకసారి ముక్కు మూసుకుని ఒక ముద్ద తిని, నములుతూ ముక్కు వదిలి చూడు. రుచి అనుకుంటున్న దాంట్లో ఎంత భాగం వాసనో తెలిసి నవ్వొస్తుంది. జలుబు చేసినప్పుడు అన్నీ చప్పగా ఉండేది ఇందుకే కదా.

బయటి వంట రుచిగా ఉండటానికి కొన్ని మామూలు కారణాలున్నాయి, వాటిని చూసి నీ చేతిని తిట్టుకోవద్దు. వాళ్లు వెన్న, నూనె, ఉప్పు నువ్వు ఊహించేదానికంటే ధారాళంగా వేస్తారు. వాళ్ల స్టవ్ సెగ నీ స్టవ్‌కి ఎన్ని రెట్లో. ఇవి నువ్వు తేలేవు, తేనక్కర్లేదు. కానీ వాళ్లు చేసే ఒక పని మాత్రం ఇవాళే నేర్చుకోవచ్చు: పొయ్యి వెలిగించేముందే అన్నీ తరిగి, కొలిచి, చిన్న గిన్నెల్లో వరసగా పెట్టుకోవడం. నువ్వు నూనె పొగలు కక్కుతుంటే అప్పుడు వెల్లుల్లి ఒలుస్తావు, నేను చూశాను, నా దగ్గర దాచకు.

ఇంట్లో వండేటప్పుడు "ఏదో తక్కువైంది" అనిపిస్తే వెంటనే కారం డబ్బా అందుకోకు. ఒక చెంచాడు పక్కన చిన్న గిన్నెలోకి తీసుకుని దాంట్లో చిటికెడు ఉప్పు కలిపి చూడు. ఊహూఁ అంటే ఇంకో చెంచాడు తీసి నిమ్మరసం చుక్క వేసి చూడు. సగంపైన వంటలు ఈ రెండింట్లో ఒకదానితో లేచి కూర్చుంటాయి. ముఖ్యంగా పులుపు, ఎవరికీ గుర్తుకురాదు. అప్పటికీ బోలుగా ఉంటే కావలసింది తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఇంకో రుచి, ఐదోది. 1908లో ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచుతో కాచిన రసంలో దాన్ని పట్టుకుని ఉమామి అని పేరు పెట్టాడు. పండిన టమాటా, పుట్టగొడుగులు, బాగా ముదిరిన చీజ్, వీటిలో దండిగా ఉంటుంది. ఇలా గిన్నె మొత్తం పాడుచేయకుండా చెంచాడు చెంచాడు చూసుకుంటూ పోతే ఆర్నెల్లలో నీ నాలుకే నీకు చెప్తుంది.

ఒకే వంటని వరసగా ఐదుసార్లు చెయ్యి. బోరు కొడుతుంది, కొట్టనీ. కొత్త వంట వారానికొకటి చేసేవాడికి యాభై పేర్లు వస్తాయి, వంట రాదు. అతిథుల మీద మాత్రం కొత్తది ప్రయోగించకు, టెన్షన్‌తో ఉప్పు రెండుసార్లు వేస్తావు. నేను వేశాను.

ఇక నీ పదకొండు పుస్తకాలు. ఫోటో పంపావు కదా, పెద్దది చేసి చూశాను. ఒక్కదాని మీదా నూనె మరక లేదు! మరక లేని వంటల పుస్తకం పెళ్లిలో పెట్టిన పట్టుచీర లాంటిది, బీరువాకే అందం.

పుస్తకం మంచిదో కాదో తెలుసుకోవడానికి నా పరీక్ష ఒకటుంది. ఉల్లిపాయలు ఎర్రగా వేయించమన్న పేజీ తీసి, ఎంతసేపని రాశారో చూడు. "ఐదు నిమిషాలు" అని ఉంటే ఆ పుస్తకం మూసెయ్యి. సన్నసెగ మీద ఉల్లిపాయ బెల్లం రంగుకి రావాలంటే నలభై నిమిషాలకి తక్కువ పట్టదు. ఆ ఐదు నిమిషాల రచయిత అది వండలేదు, లేదా వండి అబద్ధం చెప్తున్నాడు. మంచి పుస్తకం టైమ్ చెప్పి ఊరుకోదు. ఎలా కనబడాలో, ఏ వాసన రావాలో, చప్పుడు ఎలా మారాలో చెప్తుంది. మూకుడు ఎంత వెడల్పు ఉండాలో కూడా చెప్తుంది. నా సూప్ తంటా అంతా ఆ ఒక్క ముక్క ఎక్కడా రాయకపోవడం వల్లే.

రెండో పరీక్ష, కొలతలు గ్రాముల్లో ఉన్నాయా లేదా. కప్పు అంటే ఏ కప్పు? అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250. టేబుల్‌స్పూన్ చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియా పుస్తకాల్లో 20. పిండి విషయం మరీ దారుణం. చెంచాతో నెమ్మదిగా నింపితే కప్పు పిండి 120 గ్రాములుంటుంది, అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. నీ కేకు ఇటుకలా వచ్చిందన్నావు, అదిగో ఆ 30 గ్రాములు. ఉప్పూ అంతే. సన్న ఉప్పు ఒక టీస్పూన్ సుమారు 6 గ్రాములు తూగుతుంది, రేకుల్లాంటి ఉప్పు అదే చెంచాలో దాదాపు సగమే. ఇంకో పుస్తకం కొనకుండా ఆ డబ్బుతో చిన్న త్రాసు కొనుక్కో.

కొలతలతో వంట రాయడం కూడా ఆదినుంచీ ఉన్నది కాదులే. 1845లో ఇంగ్లండ్‌లో ఎలిజా యాక్టన్ అనే ఆవిడ ప్రతి వంట చివరా ఏమేం కావాలి, ఎంత కావాలి, ఎంతసేపు పడుతుంది అని విడిగా రాసింది. అంతకుముందు పుస్తకాలు చాలావరకు "తగినంత వేసి, అయ్యేదాకా ఉంచు" అనే బాపతే. 1896లో అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో చెంచాని చాకుతో సమంగా గీసి కొలవమని పట్టుబట్టింది. పబ్లిషర్‌కి నమ్మకం లేక మొదటి మూడు వేల కాపీల ఖర్చు ఆవిడ మీదే వేశాడు. ఆ పుస్తకం తర్వాత లక్షల్లో అమ్ముడుపోయింది. ఆ పబ్లిషర్ మొహం ఒకసారి చూడాలనిపిస్తుంది నాకు.

పేరున్న షెఫ్‌లు రాసిన బరువైన పుస్తకాలు నీ దగ్గర నాలుగున్నాయి. అవి చూడటానికి బాగుంటాయి, చదవడానికీ బాగుంటాయి. వండటానికి మాత్రం కాదు. "42వ పేజీలోని సాస్ కలపండి" అంటుంది, 42వ పేజీ తీస్తే దానికి 118వ పేజీలోని రసం కావాలి, ఆ రసానికి ఒక రోజు పడుతుంది. అక్కడ పన్నెండు మంది చేసే పని నువ్వొక్కడివి ఎలా చేస్తావు? వాటిలోంచి ఒక ఆలోచన తీసుకో, చాలు. నిజంగా పనికొచ్చేది ఇంటి వంటగదిలో, ఒకటే సింకు ఉన్నవాళ్లు రాసిన పుస్తకం.

పుస్తకంలో అచ్చయింది కాబట్టి నిజమనుకోకు. మాంసాన్ని ముందు పెద్ద మంట మీద కాలిస్తే పైన మూసుకుపోయి రసం లోపలే ఉండిపోతుందని 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారం చేశాడు. అది తప్పని తేలి ఎన్నేళ్లో అయింది, ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. పెనం మీద చుంయ్‌మని చప్పుడు వస్తోందంటే రసం బయటికొచ్చి ఆవిరవుతోందనే కదా! కాల్చాలి, కానీ రుచి కోసం, ఆ మెయార్ గారి కోసం.

కాబట్టి ఇలా చెయ్యి. పదింటిని అటక మీద పెట్టేసి ఒక్కదాన్ని స్టవ్ పక్కన ఉంచు. అందులో ఐదు వంటలు ఎంచుకో. ప్రతిదీ మొదటిసారి పుస్తకం చెప్పినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా. మొదలెట్టేముందు ఆఖరి వాక్యం దాకా చదువు, "రాత్రంతా నానబెట్టాలి" అన్న మాట సరిగ్గా మూడో పేరాలో నక్కి ఉంటుంది. తిన్నాక పెన్సిల్‌తో పక్కన రాయి, తేదీ వేసి. "ఉప్పు ఎక్కువ." "నా స్టవ్ మీద ఇంకో పది నిమిషాలు." రెండోసారి ఆ రాసుకున్నది చూసి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. నా పాత పుస్తకంలో ఆ సూప్ పేజీ పక్కన ఐదు తేదీలు, ఐదు తిట్లు, ఆరో తేదీ పక్కన "వాయి!!" అని ఉంటుంది.

మర్చిపోయా, రెస్టారెంట్‌లో మిగిలింది కట్టించుకుని తెస్తావు కదా, దాన్ని బల్ల మీద వదిలేసి సినిమా చూస్తూ పడుకోకు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, అన్నం అయితే ఇంకా ముందే. వండిన అన్నంలో పెరిగే కొన్ని క్రిములు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

వచ్చే నెల వస్తానన్నావుగా. ఆ పదకొండింట్లో నీకు బాగా కోపం తెప్పించిన పుస్తకం ఏదో అది పట్టుకురా, త్రాసు నా దగ్గరుంది. పుట్టగొడుగులు మాత్రం నువ్వే తరగాలి, నా వేళ్లు ఈమధ్య బాగా నొప్పెడుతున్నాయి. మీ పెదనాన్నకి ముందే చెప్పకు, ఆకలి లేదంటారు.

మీ పెద్దమ్మ