పాయింట్ల లెక్కలో నలుగుతున్న అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మలుకు,

మీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఒక్కో పని ఎంత పెద్దదో అంచనా వేసి ఇచ్చే స్టోరీ పాయింట్లు నీకు తగ్గాయని మీ మేనేజర్ అందరి ముందూ అన్నాడని రాశావు. చదివి నాకు చాలా కోపం వచ్చింది. రాజీనామా చేస్తానన్న మాట కాస్త పక్కన పెట్టి, ఈ ఉత్తరం నిదానంగా చదువు తల్లీ.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని, సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా కట్టి దిద్దుకునే అజైల్ పద్ధతి గురించి ప్రకటన రాశారు. పద్ధతులకన్నా, పనిముట్లకన్నా మనుషులకూ వాళ్ల మధ్య మాటామంతీకీ విలువ ఎక్కువన్నది అందులో మొదటి మాట. కొద్ది వారాల పని విడతలైన స్ప్రింట్లు, స్టోరీ పాయింట్లు అందులో ఎక్కడా లేవు. స్క్రమ్ అనే అజైల్ పద్ధతి నియమాలు చెప్పే 2020 నాటి స్క్రమ్ గైడ్‌లో కూడా స్టోరీ పాయింట్ల ఊసే లేదు. రోజూ జరిగే 15 నిమిషాల సమావేశం పనిచేసేవాళ్లు ఆనాటి పనిని సర్దుకోవడానికే అని మాత్రం అందులో స్పష్టంగా ఉంది. పైవాళ్లకు హాజరు పలకడానికి కాదు. ఆ 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే అందుకు ఇప్పుడు చింతిస్తున్నానని 2019లో రాశాడు.

మన వైపు రొయ్యల చెరువుల్లో మేత వేశాక చెక్ ట్రే ఎత్తి చూస్తారు కదా. మేత మిగిలితే తరువాతి పూట తగ్గిస్తారు. ఏం కనిపించినా అంతే మేత వేసేటట్టయితే ట్రే ఎత్తడం దేనికి? మీ సమావేశాలను కూడా ఈ ఒక్క ప్రశ్నతోనే పరీక్షించు: ఇది జరిగినందువల్ల ఈ రోజు ఎవరి పనైనా మారిందా?

పొద్దున సమావేశంలో మేనేజర్ వైపు కాక, తోటివాళ్ల వైపు చూసి మాట్లాడు. ఎక్కడ ఆగిపోయావో, ఎవరి సాయం కావాలో చెప్పు, చాలు. అంచనా అడిగినప్పుడు ఎవరి ముఖమో చూసి అంకె తగ్గించకు. ఇంకా తెరిచి చూడని కోడ్ అయితే, చూడడానికి ఒక రోజు కావాలని అడుగు. అలా అడగడం చేతకానితనమేమీ కాదు. పాయింట్లతో మనుషులను కొలవడం మొదలైతే నిన్న మూడు పాయింట్లున్న పని రేపు ఐదవుతుంది, చేతికొచ్చే పని మాత్రం పెరగదు. ఈ మాట నలుగురిలో అనవద్దు. మేనేజర్‌తో విడిగా కూర్చుని, నువ్వు చేసినవాటిలో ఏవి వాడకందారు చేతికి చేరాయో, ఎన్ని లోపాలతో తిరిగొచ్చాయో కాగితం మీద చూపించు. పాయింట్లను పోల్చడం ఆపమని మర్యాదగా అడుగు. స్ప్రింట్ చివరి సమీక్షలో పది ఫిర్యాదులు చదవకుండా ఒక్క మార్పే కోరు. తరువాతి సమీక్షలో అది జరిగిందా అని మళ్లీ అడుగు.

అలాగని అంతా బూటకమని కొట్టిపారేయకు. ఏడాది ముందే రాసిపెట్టిన కాగితాల ప్రకారం కట్టి, చివరికి ఎవరికీ పనికిరాని సాఫ్ట్‌వేర్‌ను అప్పగించిన రోజులు నేను చూశాను. కొద్దికొద్దిగా కట్టి, చూపించి, దిద్దుకోవడం మంచి పద్ధతి. దాన్ని మాత్రం వదులుకోకు.

రెండు మూడు స్ప్రింట్లు ఇలా చేసి చూడు. అప్పటికీ ఆయన తీరు మారకపోతే ఫోను చెయ్యి, వేరే ఉద్యోగం సంగతి ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. అమ్మానాన్నలకు నేను చెబుతాను.

ఆశీస్సులతో,
బాబాయి