జామినీ రాయ్ బొమ్మలు పిల్లలు గీసినట్టు ఉంటాయా?

"ఇంత తేలికైన బొమ్మలకి అంత పేరేమిటి, ఎవరైనా వేసేయొచ్చుగా" అని ఈ బెంగాల్ చిత్రకారుడి గురించి ఒకరు అడిగారు. వేయండి. పోస్టర్ కలర్ సీసాతో కాదు, ఆయన వాడిన సరుకుతో.

బంకురా జిల్లాలో 1887లో పుట్టి, కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో చదివి, నూనె రంగుల్లో పోర్ట్రెయిట్లు వేసిన మనిషి ఆయన. ఆయన బొమ్మల్లోని ఆ పెద్ద కళ్ళు చేతకాక గీసినవి కావు. 1920ల్లో ఆ దారి వదిలి పటువాల (బెంగాల్ పల్లె చిత్రకారుల) పద్ధతికి వచ్చారు. రంగులు మట్టి, సుద్ద, నీలిమందు, దీపపు మసి. బంక చింతగింజలది, మన చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీలు వాడేదే.

గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రి నానేసి మెత్తగా రుబ్బాలి. ఆ ముద్ద ఒక పాలుకి పది పాళ్ళు నీళ్ళు. ముందు చన్నీళ్ళలో కలిపాకే పొయ్యి మీద పెట్టండి, వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. చిక్కబడ్డాక గుడ్డలో వడగట్టండి. రెండో రోజుకి వాసన వస్తుంది, కాబట్టి ఏ పూటది ఆ పూటే.

గుడ్డకి సుద్ద, బంక కలిపి పల్చగా రెండు మూడు పూతలు. ఆరిన ప్రతి పూతనీ నున్నటి రాయితో రుద్దాలి. బంక తక్కువైతే రంగు వేలికి అంటుతుంది, ఎక్కువైతే గుడ్డ మడవగానే పెచ్చులు లేస్తుంది. మసి నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. రెండు చుక్కల బంకతో బాగా నూరి, ఆ తర్వాతే నీళ్ళు పోయండి. ఎరుపుకి ఇంగిలీకం జోలికి పోకండి, అందులో పాదరసం ఉంటుంది. జేగురు (ఎర్రమట్టి) చాలు.

అన్నీ కుదిరాక ఆఖరున నల్ల గీత. అసలు పని అక్కడుంది. నూనె రంగైతే గీకి మళ్ళీ వేయొచ్చు. ఇక్కడ సుద్ద తడిని క్షణంలో పీల్చేస్తుంది, కుంచె ఆగినచోట మచ్చ పడుతుంది. తుడిస్తే కింది రంగు కూడా కరిగి వచ్చేస్తుంది. బొమ్మ భుజం నుంచి మోచేతి దాకా గీతని ఒక్క ఊపులో లాగాలి. పిల్లలు గీసేది ఇలాగేనా?

"ఒరిజినల్ ఎలా పోల్చాలి" అనే వాళ్ళకీ ఒక మాట. ఒకే బొమ్మని పటువాల్లా పదే పదే వేశారాయన, ఇంట్లోవాళ్ళూ చెయ్యి వేశారు. సంతకం ఒక్కటే చూసి డబ్బు పెట్టేవాళ్ళని ఏమనాలో తెలియదు. పైగా 1976 నుంచి ఆయన బొమ్మలు జాతీయ కళాసంపద, కొన్నా దేశం దాటించలేరు.