‘ది అసెంట్’ను సగంలో ఆపేయవచ్చా?

ప్రశ్న: సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ తీసిన యుద్ధచిత్రం ‘కమ్ అండ్ సీ’ గురించి ఎందరో రాశారు. ఆయన భార్య లారిసా షెపిట్కో 1977లో తీసిన ‘ది అసెంట్’ ప్రస్తావన మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఈమధ్య చూడటం మొదలుపెట్టాను కానీ ఆ మంచు, ఆకలి, ఎడతెగని దగ్గు భరించలేక అరగంటకే ఆపేశాను. ఇంత దిగులు పుట్టించే సినిమాను చివరిదాకా చూడాలంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తప్పకుండా చూడాలి. అదీ మళ్లీ మొదటినుంచి, మధ్యలో ఆపకుండా చూడండి.

మాస్కో ప్రచురణల తెలుగు అనువాదాలు చదివి పెరిగిన మనకు సోవియట్ యుద్ధకథ అనగానే వీరగాథలే గుర్తుకొస్తాయి. ఇది ఆ కోవకు చెందినది కాదు. బెలారూస్ రచయిత వాసిల్ బికోవ్ నవలిక ‘సోత్నికోవ్’ దీనికి ఆధారం. నాజీల ఆక్రమణలో ఉన్న బెలారూస్‌లో, ఆకలితో అల్లాడుతున్న తమ దళానికి తిండి సంపాదించడానికి సోత్నికోవ్, రిబాక్ అనే ఇద్దరు గెరిల్లాలు బయలుదేరుతారు. దారిలో జర్మన్ల తూటా తగిలి సోత్నికోవ్ కాలికి గాయమవుతుంది. శత్రువుకు ప్రాణాలతో చిక్కకూడదని అతడు తనను తాను కాల్చుకోవడానికి సిద్ధపడి బూటు విప్పుతుండగా, అప్పటికే తప్పించుకున్న రిబాక్ వెనక్కి వచ్చి, అతణ్ణి లోతైన మంచులో, ముళ్ళపొదల్లో ఈడ్చుకుంటూ తీసుకుపోతాడు. కెమెరా కూడా వాళ్ల ముఖాలను వదలకుండా నేలబారునే ఉంటుంది. ఆ రొప్పు, ఆ అలసట మనకూ అంటుకుంటాయి. రష్యాలోని మూరోమ్ పట్టణ పరిసరాల్లో దాదాపు మైనస్ 40 డిగ్రీల చలిలో చిత్రీకరణ జరిపారన్నది తెలిశాక, ఆ ముఖాలు ఎందుకంత నిజంగా ఉన్నాయో అర్థమవుతుంది.

ఆ రిబాకే పట్టుబడిన తర్వాత ప్రాణం మీద తీపితో లొంగిపోతాడు. విమర్శకులు సాధారణంగా సోత్నికోవ్‌ను క్రీస్తుతో, రిబాక్‌ను ఆయనకు ద్రోహం చేసిన శిష్యుడు జూడాస్‌తో పోలుస్తారు. ఆ పోలిక సినిమాలోనే ఉన్న మాట నిజమే గానీ, నా దృష్టిలో దీని అసలు బలం రిబాక్‌లో ఉంది. స్నేహితుణ్ణి కాపాడినప్పుడు అతణ్ణి మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మనం, తర్వాత అతడు ఒక్కొక్క మెట్టే దిగజారుతుంటే సులువుగా అసహ్యించుకోలేకపోతాం, ఎందుకంటే బతకాలనే అతడి కోరికలో మన కోరిక కూడా కనిపిస్తుంది. మొదటి అరగంట చలి, ఆకలి మీ ఒంటికి తగలకపోతే ఆ లొంగుబాటు కేవలం ద్రోహంగానే తోస్తుంది. మీరు భరించలేకపోయిన భాగం అందుకే అంత అవసరం. మరో సోవియట్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన ‘ఆంద్రే రుబ్ల్యోవ్’లో నాయకుడిగా నటించిన అనతోలి సొలొనీత్సిన్ ఇందులో నాజీల తరఫు విచారణాధికారి పోర్ట్నోవ్. ఆయన, సోత్నికోవ్ ఎదురెదురుగా ఉండే విచారణ సన్నివేశం ఒక్కటి చాలు, మిగతాదంతా ఓపిక పట్టినందుకు.

ఇక ఇది మరుగున పడటానికి నాణ్యత లోపం కారణం కాదు. 1977 బెర్లిన్ చిత్రోత్సవంలో దీనికి అత్యున్నత పురస్కారం గోల్డెన్ బేర్ దక్కింది. కానీ రెండేళ్లకే, 1979 జూలైలో, తదుపరి చిత్రం పనిమీద వెళ్తూ కారు ప్రమాదంలో షెపిట్కో మరణించారు. అప్పటికి ఆమె వయసు 41 ఏళ్లు. ‘ది అసెంట్’కు పనిచేసిన ఛాయాగ్రాహకుడు వ్లదీమిర్ చుఖ్నోవ్ కూడా అదే ప్రమాదంలో పోయారు. ఆమె తలపెట్టిన ‘ఫేర్‌వెల్’ను క్లిమోవ్ పూర్తిచేశారు. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చిత్రాలే తీసిన దర్శకురాలు కావడంతో, భర్త పేరు వెనుక ఆమె పేరు ఉండిపోయింది. 2008లో మేటి చిత్రాలను డిస్కులుగా తెచ్చే అమెరికా సంస్థ క్రైటీరియన్ దీని డీవీడీ తెచ్చాక, ఆ తర్వాత శుభ్రపరిచిన ప్రతి వచ్చాక కొత్త తరం ప్రేక్షకులు దీన్ని వెతుక్కుని చూస్తున్నారు.

వీలైతే ఆ శుభ్రపరిచిన ప్రతినే, చీకటి గదిలో, పెద్ద తెరమీద చూడండి. మంచు తెలుపులో ముఖాల గీతలు ఫోన్‌లో కనబడవు. ఆ తర్వాత ఆమెదే 1966 నాటి ‘వింగ్స్’ చూడండి. యుద్ధంలో విమానం నడిపిన మహిళ, శాంతికాలంలో విద్యాసంస్థ అధిపతిగా ఇమడలేకపోవడం అందులోని కథ. అది ఇంత కటువుగా ఉండదు.