ఆ ఎనిమిది వరుసలూ చూపించు

తమ్ముడూ,

నీ వ్యాసం రాత్రే చదివాను. మూడో పేజీలో ఆగిపోయాను. "మిగతావన్నీ కదపకుండా ఒక్కొక్కటే మార్చి చూడటమే శాస్త్రీయ పద్ధతి" అని రాశావు. ప్రయోగాల రూపకల్పన మీద వ్యాసం రాస్తూ ఆ మాట ఎలా రాయగలిగావు? ప్రకృతిని ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలనుకోవడం పూర్తిగా పొరపాటని గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1926లోనే రాశాడు, ఇంగ్లండ్ వ్యవసాయ పరిశోధన కేంద్రమైన రోథాంస్టెడ్‌లో పొలాల ప్రయోగాలు నడిపిన అనుభవంతో.

నీ మీద కోపం కన్నా నా పాత తప్పు గుర్తొచ్చి బాధేసింది. రచనలోకి రాకముందు జీడిమెట్లలో ప్లాస్టిక్ మూతలు చేసే చిన్న యూనిట్‌లో పనిచేశాను. మూత నడినెత్తిన గుంట పడేది. సింక్ మార్క్ అంటాం. వేలితో తడిమితే తెలిసిపోయేది. కరిగిన ప్లాస్టిక్ వేడిని 210 నుంచి 230 డిగ్రీలకు పెంచితే గుంట ఇంకా లోతైంది. మళ్లీ 210కి తెచ్చి హోల్డింగ్ ప్రెషర్, అంటే అచ్చు నిండాక ప్లాస్టిక్‌ను నొక్కి ఉంచే ఒత్తిడి, పెంచితే ఏ మార్పూ లేదు. రెండూ పనికిరావని రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాను. పదకొండు రోజులు పోయాయి. ఒక నైట్ షిఫ్ట్‌లో ఆపరేటర్ "రెండూ కలిపి పెంచి చూద్దామా సార్?" అన్నాడు. గుంట పోయింది. నమ్మకం కుదరక ఆ మూతను ఎన్నిసార్లు తడిమానో. వేడి తక్కువైతే అచ్చులోకి వెళ్లే సన్నని దారి, అదే గేటు, దగ్గర ప్లాస్టిక్ ముందే గడ్డకట్టి, ఎంత ప్రెషర్ పెట్టినా లోపలికి పోదు. వేడి పెంచితే దారి తెరుచుకుంటుంది కానీ, చల్లారేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది. ఆ లోటును ప్రెషరే నింపాలి. ఇదే ఇంటరాక్షన్. ఒక్కొక్కటే మార్చేవాడికి ఇది జన్మలో దొరకదు.

మీ ఫ్యాక్టరీలో ఇలా అన్నీ కలిపి చేసిన ప్రయోగానికి నువ్వు ఒకే వాక్యం ఇచ్చావు! మూడు అంశాలు, ఒక్కోదానికి రెండు స్థాయిలు, ఎనిమిది ప్రయోగాలు. ఆ పట్టిక మొత్తం వ్యాసంలో పెట్టు, చెడిపోయిన వరుసలతో సహా. ఏది ముందు చేశారో, ఏది వెనక చేశారో కూడా చెప్పు. తక్కువ వేడివన్నీ పొద్దున, ఎక్కువ వేడివన్నీ మధ్యాహ్నం చేస్తే, వచ్చిన తేడా నువ్వు పెంచిన వేడిదో, అప్పటికి మౌల్డ్ కాగిపోవడం వల్లో ఎవరు చెప్పగలరు? అందుకే చీట్లు తీసి క్రమం పెట్టుకోవాలి. పట్టిక వేయడానికి ఎడిటర్లు ఒప్పుకోరు. నా మొదటి వ్యాసంలో పట్టిక తీసేసి పొగగొట్టం బొమ్మ వేశాడొకాయన. తెలుగు పాఠకుడు అంకెలు చదవడట. ఆ మాట నన్ను ఇప్పటికీ మండిస్తుంది. మార్కెట్ రేట్లు, క్రికెట్ స్కోర్లు, పిల్లల ర్యాంకులు రోజూ చదివేది మరెవరు?

1953 నాటి జపాన్ కంపెనీ ఇనా టైల్స్ కథ మాత్రం బాగా చెప్పావు. బట్టీ జోలికి పోకుండా, మట్టిలో సున్నం 1 నుంచి 5 శాతానికి పెంచి జపాన్ ఇంజనీర్ టాగుచి పలకల సైజు తేడాను తగ్గించిన చోట ఒళ్లు పులకరించింది. కానీ అన్ని కలయికలూ చేయకుండా కొన్నిటినే సమతూకంగా ఎంచే పట్టికలైన ఆర్తోగోనల్ అర్రేల గణితాన్ని 1947లో ప్రచురించిన సి.ఆర్.రావు గారిని ఎలా మరిచావు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన మనిషి ఆయన. రెండేసి స్థాయిలున్న ఏడు అంశాల కలయికలన్నీ చూడాలంటే 128 ప్రయోగాలు. అర్రేతో ఎనిమిదే చాలు. ఆ పొదుపు ఊరికే రాదు. ఇంటరాక్షన్లు ఒక్కో అంశం సొంత ప్రభావంతో కలిసిపోయి విడదీయడానికి వీలుండదు. అదీ రాయి, దాచకు.

పుస్తకంగా వేయొచ్చా అని అడిగావు. ముందు మూడో పేజీ తిరగరాయి. మీ ఫ్యాక్టరీ రిజిస్టర్‌లో ఆ ఎనిమిది వరుసలున్న పేజీ ఫొటో తీసి పంపు. ఆ రోజు మెషిన్ దగ్గర ఎవరున్నారో కూడా అడిగి రాయి.

మీ అన్నయ్య