ట్రెయిలర్ టైర్లకు గాలి మానిటర్: చవకది కొంటే చాలదా?

ప్రశ్న: మాది ఒకే ఇరుసున్న చిన్న ట్రావెల్ ట్రెయిలర్. రెండు చక్రాలు, ఒక స్టెప్నీ. టైర్లలో 50 పీఎస్ఐ గాలి ఉండాలని ప్లేటు మీద రాసి ఉంది. టైరు వాల్వ్ మీది డస్ట్ క్యాప్ (మూత) తీసేసి దాని స్థానంలో బిగించే, గాలి ఎంతుందో కారులోని మానిటర్ తెరకు పంపే సెన్సర్ల సెట్లు చవగ్గా దొరుకుతున్నాయి. అవి సరిపోతాయా, ఖరీదైనదే కొనాలా?

జవాబు: చవకవి సరిపోతాయండీ. నాలుగు సెన్సర్ల సెట్టు తీసుకోండి. రెండు చక్రాలకు రెండు, స్టెప్నీకి ఒకటి, మిగిలినది ఎప్పుడైనా ఒకటి ఊడిపోతే పనికొస్తుంది. కారు టైరు దిగిపోతే స్టీరింగ్‌లో తెలుస్తుంది. వెనక ట్రెయిలర్ టైరు దిగితే డ్రైవరుకు చాలాసార్లు తెలియనే తెలియదు. టైరు చీలికలై చక్రం గూడును, నేలను బాదాకే తెలుస్తుంది. అందుకే ఈ పరికరం అవసరం, అంతేగాని రంగుల తెర కోసం డబ్బు పోయక్కర్లేదు.

కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు సెన్సర్ ఎంత ఒత్తిడి వరకు కొలుస్తుందో చూడండి. కార్ల కోసం చేసిన కొన్ని చవక సెన్సర్లు 3.5 బార్ దగ్గరే ఆగిపోతాయి. అది దాదాపు 51 పీఎస్ఐ. మీ టైరు చల్లగా ఉన్నప్పుడే 50. 20 డిగ్రీల దగ్గర 50 నింపిన టైరులో గాలి 50 డిగ్రీలకు వేడెక్కితే 56, 57 వరకు వెళ్తుంది. అది మామూలే, లోపం కాదు. కానీ 3.5 బార్ సెన్సర్ దాన్ని చూపించలేదు. కనీసం 6 బార్, అంటే 87 పీఎస్ఐ వరకు కొలిచేదే తీసుకోండి.

తర్వాత మూడు విషయాలు అడగండి. బ్యాటరీ మనమే మార్చుకునేలా ఉందా (ఎక్కువగా సీఆర్1632 బిళ్ల వస్తుంది)? గాలి వేగంగా దిగుతుంటే వెంటనే హెచ్చరిస్తుందా? ట్రెయిలర్ విప్పేసి కారు ఒక్కటే తీసుకెళ్లినప్పుడు ట్రెయిలర్ సెన్సర్ల అలారం ఆపుకోవచ్చా? ఈ మూడోది లేకపోతే సిగ్నల్ అందక రోజంతా కీచుమంటుంది. విసుగొచ్చి మానిటర్ తీసి పక్కన పడేస్తారు.

మిగిలిన డబ్బు వాల్వ్‌ల మీద పెట్టండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సెన్సర్ బరువు పది గ్రాములే కదా అనిపిస్తుంది. 14 అంగుళాల రిమ్ మీద, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ పది గ్రాములు కిలోకు పైగా బరువు వేలాడదీసినట్టు వాల్వ్‌ను బయటికి లాగుతాయి. రబ్బరు వాల్వ్ అలా వంగి వంగి, రిమ్ రంధ్రంలోంచి బయటికొచ్చే చోట పగుళ్లిస్తుంది. బొటనవేలితో వాల్వ్‌ను ఒక పక్కకు నొక్కి, రిమ్‌ను ఆనుకున్న దాని మొదలు దగ్గర చూడండి. వెంట్రుకలాంటి గీత కనిపించినా ఆ వాల్వ్ పని అయిపోయినట్టే. మామూలు రబ్బరు వాల్వ్‌లు 65 పీఎస్ఐ వరకే. నట్టుతో రిమ్‌కు బిగించే లోహపు వాల్వ్‌లు వేయించడం మేలు. దానికి టైరును రిమ్ నుంచి విడదీయాలి కాబట్టి, పగుళ్లు లేకపోతే కొత్త టైర్లు వేయించే రోజే ఆ పనీ పెట్టుకోండి. పగుళ్లుంటే మాత్రం ఆగొద్దు.

బిగించే పని ఉదయం, బండి కదలకముందు చేయండి. మంచి గేజ్‌తో చూసి రెండు టైర్లలో 50 నింపండి. ఏ సెన్సర్ ఏ చక్రానిదో మానిటర్‌కు నేర్పి, సెన్సర్ మీద గుర్తు పెట్టుకోండి. లాక్ నట్టు ఉంటే ముందు దాన్ని వాల్వ్ మీద కిందికి తిప్పి, సెన్సర్‌ను చేత్తో గట్టిగా బిగించి, ఆపైన నట్టును పైకి తెచ్చి చిన్న పానాతో ఆనించండి. సెన్సర్ బిగించగానే అది వాల్వ్ పిన్నును నొక్కి తెరిచే ఉంచుతుంది. ఇక గాలిని ఆపేది సెన్సర్ లోపలి రబ్బరు వాషర్ ఒక్కటే. అందుకే సబ్బు నీళ్లు రాసి ఒక నిమిషం చూడండి. సన్నటి నురగ పొంగుతుంటే సెన్సర్ విప్పి వాషర్ చూడాలి, ఇంకా బిగించి లాభం లేదు.

గాలి 44 పీఎస్ఐ కన్నా తగ్గినా, 62 దాటినా, వేడి 70 డిగ్రీలు దాటినా అలారం మోగేలా పెట్టండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అంకెలు సాధారణంగా కారు టైర్లవి, అలాగే వదిలేస్తే 30 దాకా దిగినా నోరు మెదపదు.

ప్రశ్న: బయల్దేరేటప్పుడు ట్రెయిలర్ అంకెలు రావడం లేదు. రిపీటర్ (సెన్సర్ సిగ్నల్‌ను అందుకుని మానిటర్‌కు పంపే పెట్టె) కొనాలా?

జవాబు: వెంటనే కొనకండి. బ్యాటరీ ఆదా కోసం చాలా సెన్సర్లు బండి ఆగి ఉన్నప్పుడు నిద్రపోతాయి. కదిలిన కొన్ని నిమిషాలకు అంకెలు వస్తాయి. అప్పటికీ రాకపోతే మానిటర్‌ను కారు వెనక సీటులో పెట్టి చూడండి. అక్కడ వచ్చి డ్యాష్‌బోర్డు మీద రాకపోతేనే రిపీటర్ అవసరం. దాన్ని ట్రెయిలర్ ముందు భాగంలో 12 వోల్టుల లైనుకు కలపాలి. ఇంకో సంగతి. సిగ్నల్ పోయినా కొన్ని మానిటర్లు పాత అంకెనే చూపిస్తూ ఉంటాయి. గంట నుంచి ఒక్క పీఎస్ఐ కూడా మారకపోతే అనుమానించండి.

ప్రశ్న: రెండు టైర్లలో గాలి సమానమే, కానీ ఒకటి పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడి చూపిస్తోంది. సెన్సర్ చెడిందా?

జవాబు: సెన్సర్లు అటూ ఇటూ మార్చి చూడండి. వేడి సెన్సర్‌తో పాటు మారితే సెన్సర్ లోపం. ఆ చక్రం దగ్గరే ఉండిపోతే, అటువైపు ఎండ పడుతోందేమో ముందు చూసి, కాకపోతే బ్రేకు పట్టేస్తోందని గానీ బేరింగ్ అరిగిందని గానీ అనుకోండి. జాకీ వేసి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. వాల్వ్ మీది సెన్సర్‌కు బయటి గాలి తగులుతుంది కాబట్టి అది అసలు వేడి కన్నా తక్కువే చూపిస్తుంది. 70 అలారం కోసం ఎదురుచూడకుండా రెండు చక్రాల మధ్య తేడానే గమనించండి.

ప్రశ్న: గాలి కొట్టించిన ప్రతిసారీ సెన్సర్ విప్పాల్సిందేనా?

జవాబు: మూత రకానికి తప్పదు. విప్పకుండా గాలి పట్టే రకం ఉంది, కానీ అది పొడవు, బరువు కూడా ఎక్కువ. లోహపు వాల్వ్‌లు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.