చెంచా వెనక సింహం

ప్రశ్న: మా అత్తగారి పెట్టెలో ఎనిమిది పాత చెంచాలు దొరికాయి. నాలుగింటి కాడ వెనక నడిచే సింహం, లంగరు, ఒక ఇంగ్లిష్ అక్షరం, పక్కన మరో రెండక్షరాలు ఉన్నాయి. మిగతా వాటి మీద చిన్న గళ్లలో ఇ, పి, ఎన్, ఎస్ అని ఉంది. లంగరుంది కాబట్టి ఓడవాళ్లవని మావారంటారు. ఏవి వెండివి? ఎవరు చేశారో తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: హార్బరున్న ఊళ్లో అలా అనిపించడం సహజమే. కానీ ఆ లంగరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్షశాల ముద్ర. ఆ ఊరికి సముద్రమే లేదు! సింహమంటే వెయ్యికి 925 పాళ్ల వెండి. ఒంటరి అక్షరం సంవత్సరానిది, జంట అక్షరాలు తయారీదారువి. 1784 నుంచి 1890 దాకా పన్ను గుర్తుగా రాజు లేదా రాణి తల కూడా కొట్టేవారు. అది అరిగిపోకుండా అసలే లేకపోతే, మీవి 1890 తర్వాతివి కావచ్చు.

ముద్ర చదివేదాకా విబూది, చింతపండు దగ్గరికి రానివ్వకండి. గుంటలో పేరుకున్న నలుపే అక్షరాన్ని చూపిస్తుంది. తోమితే అంచులు అరుగుతాయి. సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి వాలుగా వేసి, పదింతలు చూపే భూతద్దంతో చూడండి. పాతికేళ్లకోసారి అదే అక్షరం మళ్లీ వస్తుంది కాబట్టి అక్షరం తీరు, చుట్టూ ఉన్న గడి ఆకారం రెండూ బర్మింగ్‌హామ్ సంవత్సరాక్షరాల పట్టికతో కలవాలి. తయారీదారు విషయంలోనూ అంతే: ఒకే పొడి అక్షరాలు పదిమందికి ఉంటాయి. గడి ఆకారం, అక్షరాల మధ్య చుక్క కూడా సరిపోతేనే పేరు ఖాయం చేసుకోండి.

ఇ.పి.ఎన్.ఎస్. అంటే జర్మన్ సిల్వర్ మీద వెండి పూత. లోపలి లోహంలో వెండి అసలుండదు. గళ్లలో కొట్టడం కేవలం హాల్‌మార్కులా కనబడాలని. బల్లకు ఆనే చోట, చెంచా గుంట వెనక, పసుపు ఛాయ తేలిందేమో చూడండి.

అనుమానం తీరకపోతే కురుపాం మార్కెట్‌కు వెళ్లి గీటు పెట్టించే ముందు ఇంట్లోనే తూచండి. సింహం చెంచాలు నాలుగూ దారంతో కట్టి బరువు చూడండి. నీళ్ల గిన్నెను 0.1 గ్రాము చూపే కాటా మీద పెట్టి సున్నా చేసి, కట్టను అడుగు తగలకుండా ముంచి పట్టుకోండి. మొదటి బరువును ఇప్పుడు కనబడే అంకెతో భాగిస్తే 10.3 దగ్గర రావాలి. జర్మన్ సిల్వరైతే 8.7 దగ్గర ఆగుతుంది. బుడగలు అంటుకుంటే భాగిస్తే వచ్చే ఫలితం తగ్గి అసలు వెండి కూడా నకిలీగా తేలుతుంది, ముంచాక ఒకసారి కదపండి.

కత్తులుంటే ఈ లెక్క పనికిరాదు. పిడిలో లక్క లాంటి పదార్థం, అలుగు ఉక్కు. వేడినీళ్లలో నానబెడితే పిడి ఊడొస్తుంది.